థీసిస్ నుంచి ఉపగ్రహం దాకా: విద్యార్థి పరిశోధనపై పాఠకుల ప్రశ్నలు

డిగ్రీ ప్రాజెక్టు మొదలు పీహెచ్‌డీ దాకా విద్యార్థులు చేసే పరిశోధన గురించి సందేహాలు రాయమని కిందటి నెల అడిగాం. వచ్చిన ఉత్తరాల్లో బోరునీళ్లు ఉన్నాయి, ఒగ్గుకథ ఉంది, కొనుక్కునే ప్రాజెక్టుల గోడూ ఉంది. ఒకే రకం ప్రశ్నల్ని కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ మూడో సంవత్సరం. ప్రాజెక్టు అంటూ రాత్రింబవళ్లు ఏదో చేస్తుంటాడు. పరిశోధన అంటే పీహెచ్‌డీ వాళ్లు చేసేది కదండీ? ఈ వయసు పిల్లలు చేసినదానికి విలువ ఉంటుందా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: తప్పకుండా ఉంటుంది. ఒక పెద్ద సంఖ్య ప్రధాన సంఖ్య అవునో కాదో ఏ అనుమానానికీ తావు లేకుండా, వేగంగా తేల్చే పద్ధతి ఉందా అన్నది గణితంలో చాలాకాలం తెగని ప్రశ్న. 2002 ఆగస్టులో ఐఐటీ కాన్పూర్‌లో మణీంద్ర అగ్రవాల్, ఆయన శిష్యులు నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా దాన్ని తేల్చేశారు. శిష్యులిద్దరూ అప్పుడే బీటెక్ ముగించినవాళ్లు. వాళ్ల బీటెక్ ప్రాజెక్టే ఈ పనికి మొదలు. అంతకు ముందు ఏడాది అక్కడే ఇంకో ఇద్దరు విద్యార్థులు ఇదే ప్రశ్న మీద ప్రాజెక్టు చేసి కొంత దూరం వెళ్లారు. వీళ్లు అక్కడి నుంచి అందుకున్నారు. మీ అబ్బాయి కూడా సీనియర్ల రిపోర్టులు తీసి, చివర్లో 'ఇకముందు చేయదగినవి' అని రాసే భాగం ముందు చదవడం మంచిది. మంచి అంశాలు చాలావరకు అక్కడే దొరుకుతాయి.

ఇంజినీరింగ్ వైపే ఇంకో ఉదాహరణ స్టడ్‌శాట్. బెంగళూరు, హైదరాబాద్‌ల్లోని ఏడు ఇంజినీరింగ్ కాలేజీల విద్యార్థులు కలిసి కిలో కన్నా తక్కువ బరువున్న ఉపగ్రహం తయారుచేశారు. 2010 జులై 12న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ15 దాన్ని కక్ష్యలో పెట్టింది. భాష వైపు చూస్తే, బిరుదురాజు రామరాజు 1950ల్లో ఉస్మానియాలో తెలుగు జానపద గేయాల మీద పీహెచ్‌డీ చేశారు. ఊళ్లలో పాడుకునే పాట విశ్వవిద్యాలయంలో చదవదగ్గ విషయమని అందరూ ఒప్పుకోని రోజులవి. భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగు క్రియాధాతువుల మీద పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 1957లో డాక్టరేట్ పొందారు. ద్రావిడ భాషల చరిత్ర చదివేవాళ్లకు ఆ పని ఇప్పటికీ ఆధారం. గురువు అగ్రవాల్ తప్ప వీళ్లందరూ ఆ పని చేసేనాటికి విద్యార్థులే.

ప్రశ్న: ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాను. 'నల్గొండ జిల్లా భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్' అన్న అంశం ఇచ్చారు. ఇదివరకే ఎందరో చేసేశారు. నేను కొత్తగా ఏం చేయగలను? పరీక్ష చేసేటప్పుడు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?
– విద్యార్థిని, నల్గొండ

జవాబు: జిల్లా మొత్తాన్ని వదిలేయండి. ఆనుకుని ఉన్న మూడు ఊళ్లలో ఇరవై బోర్లు ఎంచుకుని, అవే బోర్లను రెండుసార్లు పరీక్షించండి: మే నెలలో వానలకు ముందు ఒకసారి, నవంబరులో ఇంకోసారి. వానలకు ఫ్లోరైడ్ తగ్గిందా పెరిగిందా అన్నదే మీ ప్రశ్న. రెండూ జరగొచ్చు. కొత్త నీరు దిగి పలచబడితే తగ్గుతుంది. పైమట్టిలో పేరుకున్న లవణాలు కరిగి కిందికి దిగితే పెరుగుతుంది. ఏ బోరులో ఏది జరిగింది, బోరు లోతుకూ దానికీ పొంతన ఉందా అన్నది ఆ ఊళ్ల వరకు ఎవరూ చూసి ఉండకపోవచ్చు. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు అంత పని చాలు.

ఫ్లోరైడ్ ఒక్కటే కొలిస్తే 'ఎంత' అన్నది తెలుస్తుంది కానీ 'ఎందుకు' అన్నది తెలియదు. అక్కడి గ్రానైట్ రాళ్లలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలున్నాయి. నీటిలో కాల్షియం ఎక్కువగా ఉంటే అది ఫ్లోరైడ్‌తో కలిసి కాల్షియం ఫ్లోరైడ్‌గా అడుగుకు చేరుతుంది. కాల్షియం తక్కువై బైకార్బొనేట్ ఎక్కువైతే ఫ్లోరైడ్ నీటిలోనే మిగిలిపోతుంది. కాబట్టి ప్రతి నమూనాలో కాల్షియం, బైకార్బొనేట్, పీహెచ్, విద్యుద్వాహకత కూడా కొలవాలి.

నమూనాను అర లీటరు పాలిథిన్ సీసాలో పట్టండి. గాజు సీసా వద్దు, ఫ్లోరైడ్ గాజుతో చర్య జరుపుతుంది. మోటారు వేయగానే వచ్చేది పైపులో నిలిచిన నీరు. ఐదు పది నిమిషాలు వదిలేసి, అదే నీటితో సీసాను రెండు మూడుసార్లు తొలిచి, అప్పుడు పట్టాలి. పీహెచ్, విద్యుద్వాహకత బోరు దగ్గరే చూడాలి. ఫ్లోరైడ్ నమూనాలో యాసిడ్ కలపనక్కర్లేదు. 28 రోజుల్లోగా పరీక్ష ముగించాలి.

మీ ల్యాబులో ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ ఉంటే నమూనాకు సమానంగా టైసాబ్ ద్రావణం కలపండి. అది పీహెచ్‌ను 5, 5.5 మధ్య నిలుపుతుంది. ఇనుము, అల్యూమినియం ఫ్లోరైడ్‌ను పట్టుకుని ఉంటే దాన్ని విడిపిస్తుంది కూడా. ప్రామాణిక ద్రావణాలను తక్కువ గాఢత నుంచి ఎక్కువకు కొలవండి. గాఢత పది రెట్లయినప్పుడల్లా రీడింగు 54 నుంచి 60 మిల్లీవోల్టుల దాకా మారాలి. అంత మారడం లేదంటే ఎలక్ట్రోడ్‌లోనో ద్రావణంలోనో లోపం ఉన్నట్టు. నమూనాలూ ప్రామాణిక ద్రావణాలూ ఒకే ఉష్ణోగ్రతలో ఉండాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాను వెంటనే కొలిస్తే రీడింగు తప్పుతుంది.

ఎలక్ట్రోడ్ లేక స్పాడ్న్స్ రంగు పద్ధతిలో చేస్తే ఒకటి గుర్తుంచుకోండి. ఆ పద్ధతి లీటరుకు 1.4 మిల్లీగ్రాముల వరకే నమ్మదగినది. మీ వైపు బోర్లలో అంతకు మించి ఉండటం మామూలే, కాబట్టి శుద్ధ జలంతో పలచన చేసి కొలవాలి. ఎన్ని రెట్లు పలచన చేశారో నోటుబుక్కులో అప్పటికప్పుడు రాయకపోతే తర్వాత లెక్కంతా తారుమారవుతుంది. ప్రతి పది నమూనాలకు ఒకదాన్ని రెండుసార్లు చేయండి. ఒకదానిలో తెలిసినంత ఫ్లోరైడ్ కలిపి, 90 నుంచి 110 శాతం తిరిగి వస్తోందో లేదో చూడండి. ఈ రెండు పట్టికలు రిపోర్టులో ఉంటే వైవాలో మీ అంకెల మీద సగం ప్రశ్నలు రావు.

భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము ఉండొచ్చు. వేరే నీటి వసతి లేకపోతే 1.5 వరకు ఒప్పుకుంటారు. ఫలితాలు చేతికొచ్చాక ఆ ఇరవై బోర్ల వివరాలు తెలుగులో ఒక కాగితం మీద రాసి ఆయా పంచాయతీలకు ఇవ్వండి. నీళ్లిచ్చినవాళ్లకు ఫలితం చెప్పడం మర్యాద.

ప్రశ్న: ఎమ్మెస్సీ అగ్రికల్చర్. ఐదు ఎరువుల మోతాదులను మూడు రెప్లికేషన్లతో పోల్చాలనుకుంటున్నాను. సరిపోతుందా?
– విద్యార్థి, బాపట్ల

జవాబు: సరిపోదు. రాండమైజ్డ్ బ్లాక్ డిజైన్‌లో ఎర్రర్ డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడం (యాదృచ్ఛికంగా వచ్చే తేడాను అంచనా వేయడానికి మిగిలే స్వతంత్ర విలువల సంఖ్య) కనీసం 12 ఉండేలా చూసుకోవాలన్నది వ్యవసాయ ప్రయోగాల్లో పాటించే లెక్క. ట్రీట్‌మెంట్లలోంచి ఒకటి, రెప్లికేషన్లలోంచి ఒకటి తీసేసి గుణించండి: నాలుగు రెళ్లు ఎనిమిదే. నాలుగు రెప్లికేషన్లు పెడితే నాలుగు మూళ్లు పన్నెండు. ఎనిమిదితో సరిపెడితే మోతాదుల మధ్య నిజంగా తేడా ఉన్నా లెక్కలో తేలకపోవచ్చు, ఒక సీజను వృథా అవుతుంది. బ్లాకులను పొలం వాలుకు అడ్డంగా వేయండి. ఒక్కో బ్లాకు లోపల నేల సారం దాదాపు ఒకేలా ఉండాలి. దిగుబడి లెక్కలో గట్టు పక్క వరసలు కలపకండి.

ప్రశ్న: ఎం.ఏ. తెలుగు. ఒగ్గుకథ మీద డిసర్టేషన్. ఫోన్లో రికార్డు చేస్తే సరిపోతుందా? పాఠం రాసుకునేటప్పుడు భాష సరిదిద్దాలా?
– విద్యార్థి, సిద్దిపేట

జవాబు: రెండో ప్రశ్నకు ముందు జవాబు: సరిదిద్దకండి. కళాకారుడు 'మల్లన్న వచ్చిండు' అంటే మీ పాఠంలో 'వచ్చిండు' అనే ఉండాలి. 'వచ్చాడు' అని మార్చిన క్షణాన ఆ ఊరి మాట పోతుంది, పాటలో అయితే దరువుకు కుదిరిన అక్షరాల లెక్కా పోతుంది. ఆయన మాట మధ్యలో ఆపి మళ్లీ ఎత్తుకున్న చోట్లు, వంతపాటగాళ్లు 'ఆహా' అన్న చోట్లు, డోలు మారిన చోట్లు కూడా గుర్తులతో రాయండి. అర్థం కాని మాటను ఊహించి నింపకండి. ఖాళీ వదిలి, నిమిషం, సెకను రాసి, తర్వాత ఆయన్నే అడగండి. గంట రికార్డింగుకు పాఠం రాయాలంటే ఆరు నుంచి పది గంటలు పడుతుంది. అందుకే ఎం.ఏ. స్థాయిలో రెండు మూడు గంటల కథ తీసుకుంటే చాలు. పది కథలు రికార్డు చేసి ఒక్కటీ పూర్తిగా రాయలేక చతికిలపడేవాళ్లు ఎందరో.

ఇక రికార్డింగు. ఫోన్ ఫర్వాలేదు. అయితే ఎంపీ3లో కాకుండా వేవ్ ఫైలుగా, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లలో రికార్డు చేసే యాప్ పెట్టుకోండి, కథకుడికి చొక్కాకు తగిలించే చిన్న మైకు ఇవ్వండి. డోలు దెబ్బకు మాట మునిగిపోవడం ఒగ్గుకథలో మొదటి ఇబ్బంది. ఆటోమేటిక్ గెయిన్ ఆన్‌లో ఉంటే డోలు మోగినప్పుడల్లా గొంతు తగ్గి మళ్లీ పైకి లేస్తుంది. దాన్ని ఆపేసి, అందరూ గట్టిగా వాయించే చోట ఒకసారి పరీక్షించి, మీటరు ఎర్రగీతను తాకకుండా లెవెల్ దించుకోండి. ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టడం మరవకండి.

కొలుపులో రాత్రంతా చెప్పిన బీరప్ప కథా, మీకోసం ఇంటి అరుగు మీద గంటలో చెప్పిన బీరప్ప కథా ఒకటి కావు. రెండూ పనికొస్తాయి, కానీ ఏది ఎక్కడ, ఎవరి ముందు, ఎంతసేపు జరిగిందో రాయకపోతే ఆ పాఠాన్ని తర్వాత ఎవరూ వాడుకోలేరు. ఫైలు పేరులో తేదీ, ఊరు, వరుస సంఖ్య ఉండాలి. అదే రాత్రి ఇంకో రెండు చోట్ల కాపీ చేయాలి, అందులో ఒకటి మీ గదిలో ఉండకూడదు. పేరు అచ్చు వేయొచ్చా, రికార్డింగు ఇంటర్నెట్‌లో పెట్టొచ్చా అన్నవి విడివిడిగా అడగండి. సంతకం పెట్టలేనివారి ఒప్పుకోలు మాటల్లోనే రికార్డు చేసుకోండి. ఒక రోజంతా పని మానుకుని కూర్చున్న కళాకారుడికి ఆ రోజు కూలి ఇవ్వడం కూడా మీ బడ్జెట్‌లో రాసుకోండి.

ప్రశ్న: ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు అమీర్‌పేటలో కొనేద్దామని మా బ్యాచ్‌లో అందరూ అంటున్నారు. నేల తేమను బట్టి మోటారు నడిచే ప్రాజెక్టు సొంతంగా చేయగలమా?
– ఈసీఈ విద్యార్థులు, హైదరాబాద్

జవాబు: చేయగలరు. ఆ ప్రాజెక్టు ప్రతి కాలేజీలోనూ ఉంది. కానీ సెన్సరు చూపే అంకె నిజమా కాదా అని పరీక్షించిన రిపోర్టులు తక్కువ. మీరు ఆ పని చేయండి. అప్పుడది కొన్న ప్రాజెక్టులా ఉండదు, పరిశోధన అవుతుంది.

రెండు పుల్లల రెసిస్టివ్ సెన్సరు కొనకండి. తడి నేలలో కరెంటు పారి కొద్ది వారాల్లోనే దాని పూత తినేస్తుంది. కెపాసిటివ్ సెన్సరు తీసుకుని, బోర్డు అంచులకు, పైన ఎలక్ట్రానిక్స్ ఉన్న భాగానికి ఎపాక్సీ పూయండి. పూయకపోతే అంచుల్లోంచి నీరు ఇంకి రీడింగు రోజురోజుకూ జారుతుంది.

పొలం మట్టిని 105 డిగ్రీల ఓవెన్‌లో 24 గంటలు ఆరబెట్టండి. కిలో పొడి మట్టి చొప్పున ఐదు డబ్బాల్లో తూచి 50, 100, 150, 200, 250 గ్రాముల నీళ్లు కలపండి. అంటే 5 నుంచి 25 శాతం తేమ. మూతపెట్టి రాత్రంతా ఉంచి, అన్ని డబ్బాల్లోనూ ఒకే గీత వరకు ఒకేలా అదిమి, ఒక్కోదానిలో సెన్సరును మూడుసార్లు తీసి గుచ్చి రీడింగు రాయండి. ఎర్ర చలకకూ నల్లరేగడికీ గ్రాఫులు వేరుగా వస్తాయి. రేగడి ఎండి నెర్రెలిచ్చినప్పుడు సెన్సరు చుట్టూ గాలి చేరి, ఉన్నదానికన్నా పొడిగా చూపిస్తుంది. మోటారు అనవసరంగా నడవడానికి అదో కారణం. మీ రిపోర్టులో అన్నిటికన్నా విలువైన పేజీ ఆ రెండు గ్రాఫులదే.

ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న చిన్న కంట్రోలర్ బోర్డు) వాడుతుంటే సెన్సరును 32 నుంచి 39 వరకు ఉన్న పిన్నుల్లో ఒకదానికి కలపండి. అవి మొదటి ఏడీసీవి (ఏడీసీ అంటే సెన్సరు వోల్టేజిని అంకెగా మార్చే భాగం). వైఫై ఆన్‌లో ఉన్నప్పుడు రెండో ఏడీసీ పిన్నులు సరిగా చదవవు. బల్ల మీద పనిచేసిన సర్క్యూట్ డెమో రోజు మొండికేయడానికి చాలాసార్లు ఇదే కారణం. బ్యాటరీ దిగినకొద్దీ రీడింగు మారకుండా సెన్సరుకు రెగ్యులేటర్ నుంచి కరెంటు ఇవ్వండి.

ప్రశ్న: డ్వాక్రా రుణాల మీద సర్వే చేస్తున్నాను. 384 మంది చాలన్నారు. గూగుల్ ఫామ్ వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాను, 400 వచ్చాయి. సరిపోతుంది కదా?
– ఎం.ఏ. ఎకనామిక్స్, అనంతపురం

జవాబు: సంఖ్య సరిపోయింది, నమూనా సరిపోలేదు. 95 శాతం నమ్మకం, అటూ ఇటూ 5 శాతం తేడా అనుకుంటే వచ్చే అంకె 384. అయితే ప్రతి సభ్యురాలికీ ఎంపికయ్యే అవకాశం సమానంగా ఉన్నప్పుడే ఆ అంకెకు అర్థం. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లు, చదవడం రానివాళ్లు మీ ఫామ్‌లోకి రానేలేదు. రుణం తీర్చడానికి ఎక్కువ అవస్థ పడేవాళ్లు వాళ్లలోనే ఉండొచ్చు.

మండలం మొత్తం వద్దు. రెండు వేలమంది సభ్యులున్న కొన్ని ఊళ్లు తీసుకోండి. అంత జాబితాకు దాదాపు 322 మంది చాలు. జాబితాలో ఒకటి నుంచి ఆరు లోపల చీటీ తీసి ఒక సంఖ్యతో మొదలుపెట్టి ప్రతి ఆరో పేరు ఎంచుకోండి. ఇల్లు తాళం వేసి ఉంటే పక్కింటావిడను అడిగేయకండి, సాయంత్రం మళ్లీ వెళ్లండి. పగలు కూలికి వెళ్లినవాళ్లు తప్పిపోతే మీకు ఇంటిపట్టున ఉండేవాళ్ల సమాధానాలే మిగులుతాయి. 'రుణం ఉపయోగపడిందా?' అంటే అందరూ పడిందనే అంటారు. 'చివరిసారి ఎంత తీసుకున్నారు, దేనికి ఖర్చయింది, వాయిదా కట్టడానికి ఇంకెక్కడైనా అప్పు చేశారా?' అని అడగండి. ముందు పదిహేను ఇరవై మంది దగ్గర ప్రశ్నలు పరీక్షించుకోండి. వచ్చిన 400 ఫామ్‌లను పారేయక్కర్లేదు, ప్రశ్నలు మెరుగుపరచుకోవడానికి వాడుకోండి.

ప్రశ్న: నా అంశం మీద ఇంతకుముందు ఎవరైనా చేశారో లేదో ఎలా తెలుస్తుంది? శోధ్‌గంగలో తెలుగులో వెతికితే ఏమీ రావడం లేదు.
– రిసెర్చ్ స్కాలర్, తిరుపతి

జవాబు: గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే శోధ్‌గంగలో దేశంలోని పీహెచ్‌డీ థీసిస్‌లు ఉచితంగా చదవొచ్చు. తెలుగు థీసిస్‌ల పేర్లు కొన్ని తెలుగు లిపిలో, కొన్ని ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించి ఉంటాయి. ఇంగ్లీషు అక్షరాల్లో రాసినప్పుడు ఒకే మాటకు నాలుగు స్పెల్లింగులుంటాయి. అన్నీ వేసి చూడండి. ఇంకా నమ్మకమైన దారి, విశ్వవిద్యాలయం, తర్వాత తెలుగు విభాగం ఎంచుకుని జాబితా మొత్తం కిందిదాకా చూడటం. తెరిచిన పీడీఎఫ్‌లో మాట వెతికితే దొరక్కపోవడానికి ఇంకో కారణం ఉంది: పాత థీసిస్‌లు చాలావరకు స్కాన్ చేసిన బొమ్మలో, అను ఫాంట్లలో టైపు చేసినవో అయి ఉంటాయి. కంటికి తెలుగే కనిపించినా కంప్యూటర్‌కు అవి వేరే గుర్తులు. అలాంటివాటిలో విషయసూచిక, చివరి అధ్యాయం, ఉపయుక్త గ్రంథసూచి ఈ వరసలో చదవండి. ప్రస్తుతం ఎవరు ఏ అంశం మీద చేస్తున్నారో శోధ్‌గంగోత్రిలోని సినాప్సిస్‌లలో కొంతవరకు తెలుస్తుంది. వ్యవసాయ థీసిస్‌లు కృషికోశ్‌లో ఉంటాయి.

ప్రశ్న: ప్లేజియరిజం రిపోర్టులో 9 శాతం వచ్చింది. ఇక భయం లేదా?
– స్కాలర్, విశాఖపట్నం

జవాబు: యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పది శాతం వరకు చర్య ఉండదు. 10 నుంచి 40 వరకైతే ఆరు నెలల్లోపు సరిదిద్ది ఇవ్వాలి. 40 నుంచి 60 అయితే ఏడాది పాటు థీసిస్ ఇవ్వనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఆధారం చెప్పి ఉటంకించిన భాగాలు, గ్రంథసూచి ఈ లెక్కలోకి రావు. కానీ ఆ 9 శాతమూ ఒకే చోట, మీ ఫలితాల అధ్యాయంలో ఉంటే పరీక్షకులు ఊరుకోరు. శాతం కన్నా రంగు పూసిన వాక్యాలు చూడండి. తెలుగు థీసిస్ అయితే సాఫ్ట్‌వేర్ 0 చూపినా నమ్మకండి. పోల్చడానికి కావలసిన పాత థీసిస్‌లు బొమ్మల్లోనో అను ఫాంట్లలోనో ఉంటే అది వాటిని చదవలేదు, మీ పరీక్షకులు చదువుతారు.

ప్రశ్న: పీహెచ్‌డీ ఇవ్వాలంటే పేపరు వేయాల్సిందేనా? డబ్బు కడితే మూడు రోజుల్లో వేస్తామని మెయిళ్లు వస్తున్నాయి.
– స్కాలర్, వరంగల్

జవాబు: యూజీసీ 2022 నవంబరు నిబంధనల్లో థీసిస్ ఇచ్చే ముందు పేపరు వేయాలన్న షరతు తీసేశారు. కొన్ని విశ్వవిద్యాలయాలు సొంత నిబంధన ఉంచుకున్నాయి కాబట్టి మీ ఆర్డినెన్స్ చూడండి. ఆ మెయిళ్లకు జవాబివ్వకండి. మూడు రోజుల్లో ఎవరూ చదివి అభిప్రాయం చెప్పలేరు. నమ్మదగిన పత్రికలంటూ యూజీసీ ఇచ్చిన కేర్ జాబితా కూడా 2025 నుంచి లేదు, ఇంకా ఆ పేరు చెప్పుకునే పత్రికను అనుమానించండి. ఐఎస్‌ఎస్‌ఎన్ పోర్టల్‌లో నంబరూ పత్రిక పేరూ కలుస్తున్నాయా, సంపాదకుల పేర్లు వాళ్ల విశ్వవిద్యాలయం పేజీలోనూ ఉన్నాయా, కిందటి రెండేళ్ల సంచికల్లో మీ రంగంలో మీరు గౌరవించేవాళ్లు రాశారా అని చూసుకోండి. మీది ప్రభుత్వ విశ్వవిద్యాలయమైతే 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 పత్రికలు చదివే వీలుంది. లైబ్రేరియన్‌ను అడిగి లాగిన్ తీసుకోండి. మీ అంశం మీద ఏ పత్రికల్లో మంచి వ్యాసాలు వస్తున్నాయో అక్కడే తెలుస్తుంది, మీ పేపరు పంపాల్సింది కూడా వాటికే.